లండన్ కరస్పాండింగ్ సొసైటీ

లండన్ కరస్పాండింగ్ సొసైటీ 1792 జనవరిలో లండన్‌లో స్థాపించబడిన రాజకీయ సంస్కరణ సంఘము. పాదరక్షలు తయారుచేసే థామస్ హార్డీ దీని స్థాపకుడు, మొదటి కార్యదర్శి. తొలి సమావేశానికి హాజరైనవారు తొమ్మిదిమంది మాత్రమే. ఇతర పట్టణాల సంఘాలతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపడం ఉద్దేశం కనుక ఈ పేరు వచ్చింది. చందా వారానికి ఒక పెన్నీ. అందువలన చేతివృత్తులవారు విరివిగా చేరగలిగారు. బానిసత్వం నుండి విముక్తుడై ఆత్మకథ వ్రాసిన ఒలౌడా ఎక్వియానో కూడా ఇందులో సభ్యుడే.

కోరికలు

వయోజన పురుషులందరికీ ఓటుహక్కు, ఏటేటా పార్లమెంటు ఎన్నికలు. స్త్రీల ఓటు ప్రసక్తి ఇందులో లేదు.

అణచివేత

1793లో ఫ్రాన్సుతో యుద్ధం మొదలయ్యాక ప్రధాని విలియం పిట్ ప్రభుత్వం సంఘంలోకి గూఢచారులను పంపింది. 1794 మే 12న హార్డీని నిర్బంధించారు. అదే నెలలో హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేశారు. ఆయన చెరలో ఉండగా ఇంటిపై అల్లరిమూక దాడి చేసింది; కొద్ది వారాలకు గర్భవతియైన భార్య లిడియా ప్రసవంలో మరణించింది.

ఆరోపణ రాజద్రోహం. సంస్కరణల కోసం మహాసభ జరపాలనుకోవడమే రాజు ప్రాణానికి కుట్ర అని ప్రభుత్వ వాదన. ఇది నేడు వింతగా తోచవచ్చు, కాని రుజువైతే శిక్ష మరణమే. థామస్ ఎర్‌స్కిన్ వాదించగా, నవంబరు 5న జ్యూరీ హార్డీని నిర్దోషిగా తేల్చింది. తరువాత హార్న్ టూక్, జాన్ థెల్వాల్ కూడా విడుదలయ్యారు.

న్యాయస్థానంలో ఓడిన ప్రభుత్వం శాసనాలను ఆశ్రయించింది. 1795 చట్టం యాభైమందికి మించిన రాజకీయ సభలపై ఆంక్షలు విధించింది. 1799 చట్టం ఈ సంఘాన్ని పేరుపెట్టి నిషేధించింది.

హార్డీ 1832 అక్టోబరులో మరణించాడు. ఆ ఏడాది జూన్‌లో ఆమోదం పొందిన సంస్కరణ చట్టం శ్రామికులలో అత్యధికులకు ఓటు ఇవ్వలేదు.