గ్రంథాలయపు పన్ను : పుట్టు పూర్వోత్తరములు

పన్ను చెల్లించు ప్రతి గృహస్థుని మనస్సులోను రెండు ప్రశ్న లుండును. ఈ పైకమును నిర్ణయించిన దెవరు? ఇది తిరిగి యేరూపమున ఊరికి వచ్చును? మన ప్రాంతమున స్థానిక పరిపాలన చరిత్ర యంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరిగినది. గ్రంథాలయములకును ఆ చరిత్రలో భాగము కలదు.

1870లో మేయో ప్రభువు విద్య, వైద్యము, రోడ్లు మొదలగు శాఖల వ్యయభారమును రాష్ట్ర ప్రభుత్వముల కప్పగించెను. కేంద్రమిచ్చు నిర్ణీత ధనము చాలనిచో స్థానికముగా పన్నులు వేసికొనవలసినదే. దాని ఫలితముగా 1871లో మద్రాసు రాజధానిలో లోకల్ ఫండు చట్టము వచ్చి, భూమిశిస్తుపై రూపాయికి అణాకు మించకుండ సెస్సు విధింపబడెను. దానిని ఖర్చుపెట్టు బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు. సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. చెల్లించు రైతునకు లెక్క యడుగు హక్కు లేకపోయెను. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనా తీర్మానము చేసిన పిమ్మట, 1884 చట్టము వలన జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, యూనియన్ పంచాయతీలు ఏర్పడినవి. అయినను అధికారము చాలకాలము ప్రభుత్వ హస్తమునందే యుండెను.

ఈ లోపము చీరాల పేరాలలో బయటపడినది. నాటి గుంటూరు జిల్లాలోని ఆ రెండు గ్రామములను ప్రజలు వలదన్నను 1919లో పురపాలక సంఘముగా మార్చిరి. అంతకుముందు ఏటికి సుమారు 4,000 రూపాయలుండిన పన్నుల మొత్తము పలురెట్లు పెరిగెను. నేతపనివారును బీదవారును అధికముగా నున్న ఆ యూరివారికి అది మోయరాని భారమయ్యెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వారు పన్ను నిరాకరించిరి. 1921లో సుమారు 15,000 మంది జనులలో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి నెలల తరబడి నివసించిరి. నాయకుడు కారాగారమున కేగెను. తుదకు ప్రజలు తిరిగిరాక తప్పలేదు. కాని ప్రజాసమ్మతి లేని పన్ను ఎట్టిదో దేశమున కంతకును తెలిసెను.

చీరాలకు చేరువనే వేటపాలెమున 1918లో స్థాపితమైన గ్రంథాలయము సారస్వత నికేతనముగా ప్రసిద్ధి గాంచినది. అంతకుమునుపే, 1914లో, బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడి, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషిచే ఊరూర పఠనాలయములు వెలసినవి. ఇవి చందాలతోను దాతల విరాళములతోను నడచినవి. చందా ఇచ్చువాడు తన యిష్టముచే ఇచ్చును గనుక తగవు లేదు. అయితే దాత కాలము చేసినను, పంట పోయినను గ్రంథాలయము తలుపు మూయవలసి వచ్చెడిది.

ఈ చిక్కును ఇతర దేశములవారును ఎరుగుదురు. ఇంగ్లాండులో 1850లో గ్రంథాలయ చట్టము చేసి పట్టణములు పౌనుకు అరపెన్నీ పన్ను వేసికొనవచ్చుననిరి. వింత యేమనగా, ఆ ధనముతో పుస్తకములు కొనరాదు! భవనమునకును ఉద్యోగులకును మాత్రమే వినియోగింపవలెను. 1855లో ఆ లోపమును సవరించి పన్నును పెన్నీకి పెంచిరి. మన దేశమున రంగనాథన్‌గారు 1930లో నమూనా గ్రంథాలయ బిల్లును రచించిరి. దాని తరువాత 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును వసూలు చేయు విధానమును నెలకొల్పెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఆంధ్ర, తెలంగాణ ప్రాంతముల రెంటికిని వర్తించి, జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారమయ్యెను. పన్ను తరువాతి కాలమున ఇంటిపన్ను రూపాయికి 8 పైసలుగా నిలిచినది.

అనగా 500 రూపాయల ఇంటిపన్ను కట్టు గృహస్థు గ్రంథాలయము పేర మరి 40 రూపాయలు చెల్లించుచున్నాడు. అక్షరము రానివాడును చెల్లించుచున్నాడు. ఆతని బిడ్డ చదువుకొనునను ఆశయే ఆ పన్నునకు న్యాయము.

ఐతే వసూలు చేయునది పంచాయతీ లేక పురపాలక సంఘము. వ్యయపరచునది జిల్లా గ్రంథాలయ సంస్థ. నడుమ ఆ పైకము వేరు అవసరములకు మళ్ళి, బకాయిలు పేరుకొనుట పలుచోట్ల జరిగినది. అట్లు నిలిచిన ప్రతి రూపాయియు ఒక పల్లెకు రాని పుస్తకమే. చీరాలవారు తమకు ఫలము కానరాని పన్నును ఎదిరించిరి. గ్రంథాలయపు పన్ను కట్టువారు చేయదగినది అంత కఠినము కాదు: రసీదును చూచుకొనుట, గ్రామసభలో లేచి ఆ పైకము చేరవలసిన చోటికి చేరినదా యని యడుగుట. దాతల దయతో ఆరంభమైన గ్రంథాలయము ఇప్పుడు ప్రజల సొమ్ముపై నిలిచియున్నది. సొమ్ము తమదైనప్పుడు లెక్క యడుగుటయు తమ విధియే.