నిలుస్తుందా?

"కడుపు నిలిచింది" అంటాం, "నిలవలేదు" అంటాం. తమిళంలో నిల్, కన్నడంలో నిల్లు, తెలుగులో నిలు: అన్నీ ఒకే ద్రావిడ ధాతువు. నిలకడ, నిల్వ కూడా దీన్నుంచి వచ్చినవే. సంస్కృతంలోనైతే సుశ్రుత సంహిత నాలుగో నెల దాకా పోయిన గర్భాన్ని గర్భస్రావమంది, ఐదారు నెలల్లో పోయినదాన్ని గర్భపాతమంది. రెండూ జరిగిపోయినదాన్ని చెప్పే మాటలే. ఇంకా తేలనిదానికి మన ఆడవాళ్ల దగ్గరున్నది ప్రశ్నే: "నిలుస్తుందంటావా, అక్కా?"

కొందరికి ఆరో వారంలో ఎర్రమరక కనబడుతుంది. స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్ల లోపే ఉండి, గుండె కదలిక కనిపించకపోతే డాక్టరు అప్పుడే తేల్చరు. కనీసం వారం ఆగి మళ్లీ స్కాన్ తీస్తారు. ఆ వారమంతా బాత్రూముకు వెళ్లిన ప్రతిసారీ గుండె దడే. మరక కనబడ్డాక కూడా నిలిచే గర్భాలు చాలా ఉన్నాయి. రక్తం ధారగా పోతున్నా, నొప్పి ముదిరినా, కళ్లు తిరిగినా మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు.

"నిలుపుకోలేకపోయింది" అన్న మాట నాకు గిట్టదు. ఆ క్రియ నేరం ఆమె మీద మోపుతుంది. తొలి వారాల్లో పోయేవాటిలో దాదాపు సగానికి కారణం పిండంలోని క్రోమోజోముల తేడా. ఆమె మెట్లెక్కడం కాదు, బరువెత్తడం కాదు. "నిలవలేదు" అంటే చాలు.