వయ్యారిభామ దురద

వయ్యారిభామ (పార్థీనియం, కాంగ్రెస్ గడ్డి) తగలడం వల్ల కొందరికి వచ్చే చర్మ అలర్జీ ఇది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపు మన దేశంలో వ్యాపిస్తున్న సంగతిని 1950లలో పుణె వద్ద గమనించారు. కడప జిల్లా ఖాజీపేట పరిసరాల్లో కె.సి. (కర్నూలు-కడప) కాలువ గట్లు, పసుపు చేల గెనాలు, బీళ్లు దీనికి అనువైన చోట్లు. దాని ఆకుల మీది నూగులో, పూలలో పార్థెనిన్ అనే రసాయనం ఉంటుంది. ఈ చిన్న అణువు చర్మంలోని ప్రోటీన్లకు అతుక్కున్నాక, రక్షణ కణాలు ఆ జంటను పరాయిదిగా గుర్తుపెట్టుకుంటాయి. ఆపైన మళ్లీ తగిలితే ఒకటి రెండు రోజుల్లో దురద, ఎరుపు, రసి మొదలవుతాయి. అంటే ఇది విషం పనిచేసే తీరు కాదు, శరీరం నేర్చుకున్న ప్రతిచర్య.

ఒకే సాలులో కలుపు తీసిన పదిమందిలో ఒకరికే వచ్చిందంటే మొక్క తప్పెలా అవుతుందని అడుగుతారు. ఆ ఒక్కరి శరీరమే దాన్ని శత్రువుగా నేర్చుకుంది. ఏళ్ల తరబడి ఏమీ కానివారికి సైతం ఏదో ఒకనాడు మొదలుకావచ్చు. మొక్కను ముట్టనేలేదన్న వాదనకూ జవాబుంది: ఎండి పొడైన ఆకూ పూలూ గాలిలో ఎగిరి ముఖాన పడతాయి. ఇక ఎండ దెబ్బే అనేవారు రోగి ఒంటిని పరీక్షగా చూడాలి. ఎండ సరిగా తగలని కనురెప్పల మీద, చెవుల వెనక, మెడ ముడతల్లో, మోచేతి మడతల్లో చర్మం మందంగా, నల్లగా మారి ఉంటే ఆ ధూళినే ముందు అనుమానించాలి. అయితే ఎండ మాట పూర్తిగా అబద్ధం కాదు. జబ్బు ముదిరినవారిలో కొందరి చర్మం వెలుతురును కూడా ఓర్చుకోలేదు.

మొక్కల నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదన్న నమ్మకమే ఇక్కడ ఎక్కువ కీడు చేస్తోంది. రేగిన చర్మానికి తెలియని ఆకు పసరు పూస్తే కొత్త అలర్జీ తోడవవచ్చు. వయ్యారిభామ పడనివారిలో కొందరికి అదే కుటుంబానికి చెందిన చామంతి, పొద్దుతిరుగుడు కూడా పడవు. అనుమానం తీరాలంటే చర్మవైద్యులు వీపు మీద ప్యాచ్ పరీక్ష చేస్తారు. 48 గంటల తర్వాత ఒకసారి, ఆపై మరోసారి చూస్తారు. స్టెరాయిడ్ పూతలు ఉపశమనమిస్తాయి, మొండి కేసుల్లో రక్తపరీక్షల పర్యవేక్షణతో అజాథయోప్రిన్ వాడతారు. కానీ గెనెం మీద ఆ మొక్క ఉన్నంతకాలం మందు ఆపగానే దురద తిరగబెడుతుంది. అందుకే పూత రాకముందే, వానకు నేల మెత్తబడినప్పుడు వేళ్లతో సహా పీకేయాలి. చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ తప్పనిసరి; ఇప్పటికే అలర్జీ ఉన్నవారికి మాత్రం ఆ పని అప్పగించకూడదు.