అంగడికొక పేరు

మన పట్టణములలో బజారువీథిని నడచినచో శ్రీ వేంకటేశ్వర పేరిట నాలుగు కిరాణా కొట్లు, శ్రీలక్ష్మి పేరిట మూడు బట్టల దుకాణములు కనబడుట వింత గాదు. పేరొకటే అయినను వీథి వేరు, గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషి వేరు గనుక ఎవరి బేరము వారిది. ఇంటర్నెట్‌లో వెలసిన అంగడికి వీథి లేదు, మనిషి ముఖము కానరాదు. పేరే దాని చిరునామా; ఒక చిరునామా లోకమంతటిలో ఒక్కరికే చెల్లును. 1983లో రూపొందిన డొమైన్ పేర్ల ఏర్పాటు వలన వచ్చిన నియమమిది. '.కామ్' అను తోకతో మొట్టమొదటి పేరు 1985 మార్చి 15న నమోదయినది.

అట్టి పేర్లు అరడజను చేతబట్టుకొని, ఏది నిలుపుకొందునా అని తర్కించుకొన్న ఒక వర్తకుని కథ చెప్పుకొందము.

1994లో జెఫ్ బెజోస్ న్యూయార్కులోని కొలువు విడిచి, అప్పటి భార్య మెకెంజీతో సియాటిల్ ప్రాంతము చేరి, ఇంటర్నెట్ ద్వారా పుస్తకములు విక్రయింప సంకల్పించినాడు. జూలైలో సంస్థను నమోదు చేసినప్పుడు పెట్టిన పేరు 'కడాబ్రా'. గారడివాని 'అబ్రకడాబ్రా'లోని చివరి భాగమది. టెలిఫోనులో విన్న న్యాయవాదికి అది 'కడావర్' అని వినబడినది. ఆ ఇంగ్లీషు మాటకు శవమని అర్థము! మైకు ముందు కూర్చుండువారము గనుక మాకీ ఘట్టము మిక్కిలి రుచించినది. కాగితముపై ముచ్చటగా నున్న మాట చెవికి చేరునప్పటికి ఏమగునో మాకు నిత్యానుభవము. మన వర్తకులకు దీనికి తోడు మరియొక చిక్కు గలదు: 'వేంకటేశ్వర'ను ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్కరొక్కొక్క తీరున వ్రాయుదురు, విన్నవాడు ఏ తీరున వెదకునో చెప్పజాలము. తెలుగు లిపిలో '.భారత్' అను తోకకు 2011లో అనుమతి లభించినను, ఇంగ్లీషు వ్రాతయే వాడుకలో హెచ్చు.

శవము గోల వదలించుకొన్న పిమ్మట పేర్ల వేట సాగినది. 'అవేక్', 'బ్రౌజ్', 'బుక్‌మాల్' అను చిరునామాలు నమోదు చేసి ఉంచుకొన్నారు. 'బుక్‌మాల్' అన్నచో సరకేమో వెంటనే తెలియును. కాని రేపు గిన్నెలో గడియారములో అమ్మదలచినచో ఆ పేరే కాలికి సంకెల యగును. ఆ రోజులలో వెబ్‌సైట్ల పట్టికలు అక్షరక్రమమున ఉండెడివి గనుక, పైవరుసలో నిలుచుటకై డచ్చి భాషనుండి 'ఆర్డ్' అను మాటను గూడ తెచ్చుకొన్నారు. దంపతులకు మనసుపడినది మాత్రము 'రిలెంట్‌లెస్'. పట్టు విడువనిదని వారి భావము. వినువారికి అందు కర్కశత్వము ధ్వనించుచున్నదని మిత్రులు వారించినారు. మిత్రుల మాటయే సబబు. కనికరము లేని కొట్టునకు ఏ గృహిణి సంచి పట్టుకొని పోవును? అయినను ఆ చిరునామాను వారు పారవేయలేదు. అనేక సంవత్సరముల తరువాత గూడ దానిని టైపు చేసినవారు ఈ అంగడి వాకిటికే చేరుచుండిరి.

తుదకు నిఘంటువులో 'ఏ' అక్షరపు పుటలు త్రిప్పుచుండగా 'అమెజాన్' కంటబడినది. ప్రవహించు నీటి పరిమాణమున లోకములోని నదులన్నిటికిని మిన్న, పట్టికలో ముందుండును, ఏ ఒక్క సరకుకును కట్టుబడి యుండదు. 1994 నవంబరు 1న ఆ చిరునామా నమోదయినది. 1995 జూలైలో అంగడి తెరచినారు.

అయితే చిరునామా ఖాళీగా ఉన్నదనుట వేరు, పేరు ఎవ్వరిదియు గాదనుట వేరు. మినియాపొలిస్ నగరమున స్త్రీలు 1970లో స్థాపించుకొన్న పుస్తకశాల ఒకటి అప్పటికే అమెజాన్ పేరిట నడచుచున్నది. గ్రీకు గాథలలోని వీరవనితల పేరది. వారు 1999లో వ్యాజ్యము వేసినారు. ఆ యేడే రాజీ కుదిరినది. 2008లో చేతులు మారినప్పుడు ఆ పుస్తకశాల పాత పేరును వదలుకొన్నది. నదికి గూడ ఆ వీరవనితల వలననే పేరు వచ్చినదందురు: 1542లో ఒరెయానా అను స్పానిషు నాయకుడు ఆ నదివెంట పోవుచు ఆయుధములు పట్టిన స్త్రీలతో పోరినాడని కథ.

2012లో కంపెనీ '.అమెజాన్' అను తోకనే తనకిమ్మని కోరినప్పుడు, నదీతీరపు రాజ్యములైన బ్రెజిల్, పెరూలు అభ్యంతరము తెలిపినవి. నది పేరు ఒక కొట్టుసొత్తు ఎట్లగునని వాటి ప్రశ్న. ఏడేండ్లు వాదము జరిగి, 2019లో తీర్పు కొట్టువారి పక్షమున వచ్చినది.