పార్వతీబాయి ఆఠవలే ఆత్మకథ

సంఘసంస్కరణ చరిత్రలో వితంతువు తరచు ద్వితీయా విభక్తిలోనే కనిపిస్తుంది. ఆమెను ఆదరించారు, ఆమెను చదివించారు, ఆమెను ఒక ఇంటిదాన్ని చేశారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో జరిగిన మొదటి వితంతు వివాహాన్ని గురించి కందుకూరి వీరేశలింగం పంతులుగారి మాటల్లో చదువుకున్నాం. ఆనాటి పెళ్లికూతురు గౌరమ్మ తన మాటల్లో చెప్పుకున్న కథ మన చేతికి రాలేదు. ఇటువంటి లోటును కొంత తీర్చే పుస్తకం మరాఠీలో ఉన్నది. షోలాపూరులోనో పుణెలోనో పెరిగిన తెలుగు విద్యార్థి దానిని మూలంలోనే చదువుకోగలడు. ఆంధ్రదేశంలోని తోటి విద్యార్థులలో చాలామందికి లేని సౌకర్యమిది. ఆ పుస్తకం 1928లో వెలువడిన 'మాఝీ కహాణీ', అంటే 'నా కథ'. రచయిత్రి పార్వతీబాయి ఆఠవలే.

ఈమె 1870లో కొంకణ ప్రాంతంలోని దేవరుఖ్‌లో జన్మించింది. పదకొండో ఏట పెళ్లి, ఇరవయ్యో ఏట వైధవ్యం. చంకలో పసివాడు, తలకు క్షౌరం, పుట్టింటి ఆశ్రయం. అప్పటికి చదువు లేదు. అక్క గోదూబాయి అంతకు ముందే బాల్యంలో వితంతువై, పండిత రమాబాయి శారదా సదనంలో చదువుకొని, 1893లో ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకున్నది. చెల్లెలు ఆ దారి పట్టలేదు. ఇరవై అయిదేళ్లు దాటాక పలక పట్టి, 1896లో కర్వే స్థాపించిన వితంతు శరణాలయంలో పనికి కుదిరింది. ఆ సంస్థ 1900లో పుణె శివార్లలోని హింగణేకు తరలింది. నేడు ఆ ప్రాంతాన్నే కర్వేనగర్ అంటున్నారు.

సంస్థ నడవాలంటే డబ్బు కావాలి. ఊరూరా తిరిగి, సభల్లో మాట్లాడి, చందాలు పోగుచేసిన వారిలో పార్వతీబాయి ముఖ్యురాలు. నెత్తిన ముసుగుతో, వితంతువేషంతోనే ఆమె చాలా ఏళ్లు తిరిగింది. 1912లో మాత్రం ఆ వేషాన్ని విడిచి, జుట్టు పెంచుకున్నది. పునర్వివాహం చేసుకున్న అక్కకంటే ఈమెకు తక్కువ ధైర్యం కావలసివచ్చిందని నేననుకోను. అక్కకు పక్కన కర్వే ఉన్నాడు. నలభై దాటిన ఈమె తన తలను గురించి తానే నిర్ణయించుకోవలసివచ్చింది.

ఇక అమెరికా ప్రయాణం. ఇంగ్లీషు రాకపోవడం ఆమెకు పెద్ద కొరతగా తోచింది. నలభై ఎనిమిదో ఏట, 1918లో, మొదటి ప్రపంచయుద్ధం ముగియని రోజుల్లో, ఆమె ఓడ ఎక్కింది. విదేశయానం చేసిన మనవారి కథల్లో విద్యార్థులుంటారు, వ్యాపారులుంటారు, జమీందారులుంటారు. ఈమె వారిలో ఎవరి వంటిదీ కాదు. పొట్ట గడవడానికి అమెరికన్ గృహాలలో పనిమనిషిగా చేరింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి పరాయి ఇళ్లలో అంట్లూ, ఇల్లూ శుభ్రం చేసుకుంటూ భాష నేర్చుకోవడమన్నది ఆ కాలానికి చిన్న సంగతి కాదు. పుస్తకంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదేనని నా అభిప్రాయం. కూలి పుచ్చుకునే స్త్రీ కళ్లతో చూసిన అమెరికా మన యాత్రాసాహిత్యంలో అరుదు. 1920లో ఆమె తిరిగివచ్చింది.

ఆమె భావాలన్నీ నేటి విద్యార్థినులకు రుచించవు. స్త్రీ విద్యకు గృహధర్మమే పునాది కావాలని ఆమె నమ్మకం. భాష కోసం ఒంటరిగా సముద్రాలు దాటిన మనిషి ఇలా అన్నదేమిటని ఆశ్చర్యపడవచ్చు. అయితే ఆ వైరుధ్యాన్ని సరిదిద్ది చదవడం మన పని కాదు. జీవితం ఒకవైపు, సిద్ధాంతం ఒకవైపు లాగుతున్న ఇటువంటి చోట్లనే ఆత్మకథ చరిత్రకారుడికి పనికివస్తుంది.

1930లో జస్టిన్ అబట్ ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. మరాఠీ రానివారికి అదే ఆధారం. తెలుగులో మరొక వితంతువు, ఏడిదము సత్యవతి, తన 'ఆత్మచరితము'ను 1934లో ప్రకటించింది. ఆరేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడానికి రెండు భాషలూ తెలిసిన విద్యార్థి కావాలి. షోలాపూరు, పుణె, ముంబయి తెలుగు ఇళ్లలో అటువంటివారికి కొదవ లేదు.