ఎత్తుట వేఱు, నిలుపుట వేఱు



మలికిపురము, రాజోలు ప్రాంతపు గ్రామములలో ఎద్దుబండి అరుదై, కారో ట్రాక్టరో వాకిట నిలిచిన యిండ్లు అనేకములైనవి. వాహనము వచ్చిన యింటికి దాని మరమ్మతులును వెంటనే వచ్చును. చక్రము విప్పుటకో, నూనె మార్చుటకో పట్టణమునకు పోనేల యని యువకులు ఇంటి పెరటిలోనే పని సాగించుచున్నారు. అందులకు తగిన జాకీలును, ఒకచోటినుండి వేఱొకచోటికి మోసికొని పోదగిన చిన్న లిఫ్టులును అంగళ్లలో దొరకుచున్నవి. ఇట్టి పరికరములు లోకమున ఎట్లు పుట్టినవో, వానితో మెలగుటలో మనుష్యుడు ఏమి నేర్చెనో విన్నవించుటయే నేటి నా ప్రసంగము. చరిత్ర యనగా రాజుల జయాపజయములు మాత్రమే కాదు. బరువు నెత్తిన చేతుల కథయు చరిత్రయే.

ఈ కథలో మొదటినుండి కడవఱకు ఒక్క పాఠమే మఱల మఱల వినవచ్చుచున్నది. బరువు నెత్తు సాధనము వేఱు, ఎత్తిన బరువును నిలుపు సాధనము వేఱు. ఈ భేదమును మఱచినచోట ప్రాణములకే ముప్పు వాటిల్లును.

ముందుగా మన యెద్దుబండినే తీసికొందము. ఇరుసునకు కందెన పెట్టు విధము మీలో పలువురు బాల్యమున చూచియే యుందురు. కడచీల తీసి చక్రమును వెలికి లాగిన గాని కందెన లోనికి పోదు. అందులకై బండివాడు ముందు ఎడ్లను విప్పును. కదలకుండ రెండవ చక్రమునకు ముందును వెనుకను రాళ్లు వేయును. పిదప పొడవైన దుంగను మీటగా చేసి ఇరుసును పైకెత్తును. అయితే ఆ మీటను నమ్మి ఎవ్వడును చక్రము లాగడు. ఎత్తిన క్షణముననే తోడివాడు ఇరుసు క్రింద మొద్దు నిలుపును. బరువు మొద్దుపై కుదురుకొనిన పిమ్మటనే చక్రము కదలును. గ్రంథము చదువని ఆ బండివాడు పాటించిన క్రమములో నేటి శాస్త్రమంతయు ఇమిడియున్నది.

రథోత్సవములలోను ఇదియే చూతుము. వేలాది భక్తులు మోకులు పట్టి రథమును లాగుదురు. చూచువారి దృష్టి యంతయు మోకులపైననే యుండును. కాని చక్రముల ప్రక్కన కొయ్యదిమ్మలు చేతబట్టి నడచు నలుగురైదుగురి మీదనే అందఱి క్షేమమును ఆధారపడియున్నది. మాఘమాసమున అంతర్వేది తిరునాళ్లకు పోయివచ్చు మనవారికి రథము ఎంతటి బరువో, అది తనంతట దొరలిన ఎంతటి ప్రమాదమో వేఱుగ చెప్పనక్కఱలేదు. కదలునట్టి వస్తువును కదలకుండ బంధించుట యెత్తుటకు ముందు చేయవలసిన పని.

ఇక మీట సంగతి. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో సిరక్యూసు నగరవాసియైన ఆర్కిమిడీసు దాని గణితమును స్థాపించెను. ఆధారమునకు ఇవతల చేయి ఎంత దూరముండునో, అంతకంత పెద్ద బరువును చిన్న బలముతో లేపవచ్చునని ఆయన నిరూపించెను. నిలుచుటకు చోటు దొరకినచో భూగోళమునే కదల్చెదనని ఆయన పలికినట్లు లోకమున చెప్పుకొందురు. ఈ మాటలో జనులు భూమిని కదల్చుటను మెచ్చుకొందురు గాని, నిలుచు చోటును గూర్చి ఆలోచింపరు. ఆ మహానుభావుడు మొదట అడిగినది చోటునే.

17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశీయుడగు పాస్కలు ద్రవముల గుణమును పరిశీలించెను. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగ ప్రాకునని తేల్చెను. సన్నని గొట్టమున నొక్కిన బలము, దానికి ఇరువది రెట్లు వైశాల్యముగల గొట్టమున ఇరువది రెట్లుగ బయల్పడును. కాని పైకి లేచు ఎత్తు ఇరువదవ వంతే యగును. ప్రకృతి ఏదియు ఉచితముగ నీయదు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా ఈ సూత్రముపై ఒత్తుడు యంత్రమును నిర్మించి పేటెంటు పొందెను. నేడు మన చేతనున్న నూనె జాకీ, దానినే హైడ్రాలిక్ జాకీ యందురు, ఆ యంత్రమునకు వారసురాలు.

ఆ యంత్రము యొక్క బలమును, బలహీనతను లోకమునకు ఒక్కసారిగ చూపిన ఘట్టము 1849లో జరిగెను. బ్రిటనులోని వేల్సు ప్రాంతమున మెనై జలసంధిపై రాబర్ట్ స్టీఫెన్సన్ బ్రిటానియా యను రైలువంతెనను కట్టించుచుండెను. 460 అడుగులకు పైబడిన పొడవుతో, 1,500 టన్నులకు తక్కువ కాని బరువుతో నున్న ఇనుపగొట్టమును నీటిపైనుండి స్తంభముల మీదికి బ్రామా తరహా యంత్రములతో ఎత్తవలసి వచ్చెను. స్టీఫెన్సన్ ఒక కట్టడి చేసెను. గొట్టము అంగుళము లేచిన, దాని క్రింద అంగుళము మేర ఆధారము పేర్చవలెను. పని ఆలస్యమైనను సరే, క్రింద ఖాళీ మిగులరాదు. ఆ యేడు ఆగస్టు 17వ తేదీన ఎత్తుచున్న యంత్రపు అడుగుభాగము హఠాత్తుగ పగిలెను. అంతటి గొట్టమును క్రిందికి జాఱెను. కాని పేర్చిన ఆధారము వలన అడుగునకు లోపుననే ఆగిపోయెను. ఆ కట్టడి లేనిచో గొట్టము జలసంధి పాలగుట నిశ్చయము. వంతెన 1850లో ప్రారంభమాయెను.

సరిగా ఆ సంవత్సరములలోనే మన గోదావరిపై ధవళేశ్వరమున ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యమున ఆనకట్ట లేచుచుండెను. అది 1847లో మొదలై 1852లో ముగిసెను. వీణెం వీరన్నగారు అందులో ఆయనకు కుడిభుజమై పనిచేసిరి. అక్కడి సమస్య బరువు కాదు, పునాది. గోదావరి గర్భమున రాతిని వెదకిన ఎంత లోతునకును ఇసుకయే. అట్టి ఇసుకలో కట్టడమును నిలుపు నేర్పును కాటన్ దొర కావేరిపై చోళుల నాటి కల్లణైనుండి గ్రహించెను. ఆ సంగతి ఆయనయే ఒప్పుకొనెను. ఆ పిదప గన్నవరమున వైనతేయపై 49 కమానులతో అక్విడక్టు కట్టబడి, మన లంకభూములకు కాలువనీరు నదిమీదుగ దాటివచ్చెను. కమాను కట్టువాడు ముందుగ క్రింద కొయ్యచట్టము నిలిపి, దానిపై కట్టడము పేర్చి, సున్నము గట్టిపడిన తర్వాతనే చట్టమును తొలగించును. తన్ను తాను మోయగల శక్తి వచ్చువఱకు దేనికైనను క్రింద ఊత యుండవలసినదే. ఇప్పుడు ఆ నదిపై నున్న క్రొత్త అక్విడక్టునకు అన్నపూర్ణయను కీర్తిగాంచిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టియున్నారు.

ఈ పునాది మాట మన సీమవారికి ముఖ్యమైనది. మన నేల నదులు తెచ్చి పోసిన ఒండ్రు. తీరమునకు చేరువలో ఇసుక. వర్షర్తువున కొబ్బరితోటలో అడుగు వేసిన కాలు దిగును. భారతమున కర్ణుని రథచక్రము నేలలో దిగబడినప్పుడు, అంతటి భుజబలుడును దానిని లేపలేకపోయెను. అది శాపవశమని కవి చెప్పెను. మనకు శాపము లేకున్నను నేల మెత్తదనము చాలును. జాకీ యొక్క చిన్న పాదముపై కారు బరువు నిలిచినప్పుడు మెత్తని నేల ఒకవైపునకు క్రుంగును. జాకీ ఒరగును. ఒరిగిన జాకీ పడును.

కార్లు వచ్చిన తొలినాళ్లలో మరమ్మతునకు నేలలో గొయ్యి త్రవ్వి మనిషి అందులోనికి దిగువాడు. 1925లో అమెరికా దేశపు మెంఫిస్ నగరమున పీటర్ లునాటి యనునతడు కారునే పైకెత్తు హైడ్రాలిక్ లిఫ్టును కనిపెట్టెను. క్షురకుని కుర్చీ పైకి లేచుట చూచి అతనికి ఆ ఊహ కలిగెనందురు. అవి నేలలో పాతిన యంత్రములు. కాలక్రమమున అవి చిన్నవై, నేడు రెండు ఇనుపచట్రములుగ ఇంటికి వచ్చినవి. కారు క్రింద ఇరువైపుల వానిని పఱచి మీట నొక్కిన, కారు నాలుగు చక్రములతో లేచును. సౌకర్యము పెరిగినది. కాని చిన్న కారు సైతము ఇంచుమించు 800 లేక 1,000 కిలోల బరువుండును. మనిషి ఎముకల బలము మాత్రము ఆర్కిమిడీసు నాటిదే.

కావున ఇంట వాహనమును ఎత్తువారు పాటింపవలసిన క్రమమును చెప్పెదను.

మొదటిది నేల. చదునైన, గట్టి కాంక్రీటు నేలపైననే పని చేయవలెను. చిన్న లిఫ్టులకు కాంక్రీటు నేల తప్పనిసరి. త్రోవలో చక్రము మార్చుటకు మట్టినేలపై జాకీ పెట్టక తప్పనిచో, దాని క్రింద వెడల్పైన మందపు చెక్క వేయవలెను. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు ఆధారముగ ఎన్నడును పెట్టరాదు. అవి ముందు హెచ్చరింపక ఒక్కసారిగ పగులును.

రెండవది బంధనము. గేరు వేసి, హ్యాండ్ బ్రేకు బిగించి, నేలపై మిగులు చక్రములకు దిమ్మలు వేయవలెను. చాల కార్లలో హ్యాండ్ బ్రేకు వెనుక చక్రములనే పట్టును. వెనుకభాగము ఎత్తిన తోడనే ఆ పట్టు వ్యర్థమగును. అప్పుడు ముందు చక్రముల దిమ్మలే దిక్కు.

మూడవది స్థానము. జాకీ ఎక్కడ ఆనవలెనో కారుతో వచ్చు పుస్తకములో చూపబడియుండును. అక్కడనే ఆనింపవలెను. జాకీపై చెక్కిన బరువు పరిమితికి మించిన వాహనమును ఎత్తరాదు.

నాలుగవది అన్నిటికన్న ముఖ్యము. జాకీ ఎత్తుటకే, నిలుపుటకు కాదు. నూనె జాకీలోని రబ్బరు పట్టీ అరిగిన, నూనె కాఱి బరువు దిగును. ఎత్తిన వెంటనే ఇరువైపుల ఉక్కు స్టాండ్లు నిలిపి, జాకీని మెల్లగ దించి, బరువును వానిపై కూర్చుండబెట్టవలెను. లిఫ్టునకు లోపల ఇనుప తాళము ఉండును. అది పడిన చప్పుడు విని, రెండువైపుల సమముగ పడినదని కన్నులార చూచి, ఆ తాళముపై బరువును దించవలెను. పిమ్మట దూరముగ నిలిచి వాహనమును చేతితో కదల్చి చూడవలెను. విప్పిన చక్రమును కారు అంచు క్రింద పరుండబెట్టుట మఱియొక రక్ష.

అయిదవది నడవడి. ఎత్తిన కారులో ఎవ్వరును కూర్చుండరాదు. ఇంజను నడుపరాదు. ఒంటరిగ క్రిందికి దూరరాదు. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. దించుటకు ముందు క్రింద మనిషి గాని పనిముట్టు గాని లేదని నిశ్చయించుకొనవలెను.

పెద్దలారా, ఈ మాటలను మీతో చెప్పుటకు కారణమున్నది. కారు క్రిందికి దూరువాడు మీ కుమారుడో, మనుమడో. అతనికి యంత్రము తెలియును, తొందరయు తెలియును. ఒక్క నిమిషమే గదా యని స్టాండ్లు పెట్టక లోనికి తల దూర్చునప్పుడు, ఆగుమని చెప్పదగినవారు అరుగుపై కూర్చున్న మీరే. మీకు యంత్రశాస్త్రము రానక్కఱలేదు. కందెన పెట్టునాడు ఇరుసు క్రింద మొద్దు పెట్టిన సంగతి జ్ఞాపకమున్న చాలును. క్రింద ఏమి పెట్టితివని ఒక్క ప్రశ్న వేయుడు. జవాబు వచ్చువఱకు వానిని కదలనీయకుడు.

ఇంతటితో విరమించుచున్నాను. స్వస్తి.