రైఫిల్ స్కోప్: జీరో తప్పడం, సవరణ హద్దులు

రైఫిల్ మీద బిగించే చిన్న దుర్భిణి స్కోప్. నిర్ణీత దూరంలో, స్కోప్‌లోని అడ్డగీత, నిలువుగీత కలిసిన చోటే గుండు తగిలేలా సరిచేసి ఉంచిన స్థితిని జీరో అంటారు. ఆ పొందిక చెదిరితే జీరో తప్పినట్టు. దాన్ని తిరిగి సరిచేయడానికి స్కోప్ పైన, పక్కన రెండు మరలుంటాయి. అవి కొంతవరకే తిరుగుతాయి. జీరో తప్పడం, మర హద్దుకు చేరడం వేర్వేరు జబ్బుల్లా కనబడతాయి గాని, కొన్నిసార్లు రెండోదే మొదటిదానికి కారణం.

గీతలున్న దుర్భిణి ముందు పుట్టింది ఆకాశాన్ని చూడడానికి. 1640 ప్రాంతంలో ఇంగ్లండుకు చెందిన విలియం గాస్కోయిన్ దుర్భిణిలో సన్నని దారాలు అమర్చి నక్షత్రాల మధ్య దూరాలు కొలిచాడు. తర్వాత అది సర్వేయర్లు కోణాలు కొలిచే థియోడొలైట్‌లోకి వచ్చింది. భారత మహా త్రికోణమితీయ సర్వే తన త్రికోణాల లెక్కకు పునాదిగా 1862–63లో విశాఖపట్నం ఆధార రేఖను కొలిచింది. ఎండకు లోహం సాగుతుంది కనుక, ఇత్తడి, ఇనుము జోడించి ఆ సాగుడును రద్దుచేసే కోల్బీ కడ్డీలతో ఆ సర్వే ఇలాంటి రేఖలను కొలిచేది. గీతలు కాస్త పక్కకు జరిగాయన్న అనుమానం సర్వేయరుకు ఎప్పుడూ ఉండేదే. అతను దుర్భిణిని తిరగేసి అదే గుర్తును రెండోసారి చూసి, రెండు కొలతల సగటు తీసుకుంటాడు. తప్పు పరికరంలోనే ఉంటుంది, లెక్కలోంచి మాత్రం పోతుంది. తుపాకీకి ఆ వెసులుబాటు లేదు. దాన్ని తలకిందులు చేసి కాల్చి సగటు తీయలేం కదా!

రైఫిల్ మీదికి దుర్భిణి ఎక్కింది 19వ శతాబ్దంలో. అమెరికాలో విలియం మాల్కం 1855లో స్కోప్‌ల తయారీ మొదలుపెట్టాడు. బొంబాయి సైన్యంలో పనిచేసిన డేవిడ్ డేవిడ్‌సన్ రూపొందించిన స్కోప్‌ను అమెరికా అంతర్యుద్ధంలో విట్‌వర్త్ రైఫిళ్లకు ఎడమ పక్కన బిగించి వాడారు. ఆ కాలపు పొడవాటి గొట్టాల్లో లోపల కదిలేదేమీ ఉండేది కాదు. స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే మౌంటు మరలు తిప్పి గొట్టం మొత్తాన్నీ వంచేవారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అసలు చిక్కు బయటపడింది. బ్రిటిష్ అధికారి హెస్కెత్ ప్రిచర్డ్ కందకాల్లోని స్కోప్ రైఫిళ్లను పరీక్షిస్తే చాలావాటి గురి సరిగా లేదు. సైనికులకు వాటిని ఇచ్చారు గాని, సరిచూసుకోవడం నేర్పలేదు. ఆ పని నేర్పడానికే ఆయన 1916లో ఫ్రాన్స్‌లో బడి పెట్టాడు.

ఉత్తరాంధ్ర జమీందారీ వేటల్లో స్కోప్‌కు పెద్దగా పని ఉండేది కాదు. మంచె మీద కూర్చుని పాతిక ముప్పై గజాల్లో కొట్టేవారికి మామూలు గురే చాలు. విజయనగరం రాజకుమారుడు, 1936లో భారత క్రికెట్ జట్టును ఇంగ్లండుకు నడిపించిన ‘విజ్జీ’ మూడు వందలకు పైగా పులులను కొట్టానని చెప్పుకునేవారట. క్రికెట్‌లో ఆయన ప్రతిభ తెలిసినవారు ఈ లెక్కను కూడా కాస్త తగ్గించే చదువుకుంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేటల కథ ముగిసింది. ఇప్పుడీ జిల్లాల్లో గురి సరిచేయడమంటే 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలు, కళాశాలల ఎన్‌సీసీ దళాలు, చింతలవలసలోని ఏపీఎస్పీ ఐదో బెటాలియన్ వంటివారి పని. స్కోప్ లేని పాయింట్ 22 రైఫిల్ పట్టుకున్న క్యాడెట్‌కు కూడా మొదట నేర్పేది ఇదే: గుళ్లన్నీ ఒకేచోట గుంపుగా పడితే కాల్చేవాడిలో లోపం లేదు, ఆ గుంపు పక్కకు పడితే సరిచేయాల్సింది గురిని.

ఇక లోపలి సంగతి. నేటి స్కోప్‌లో పెద్ద గొట్టం లోపల ఒక సన్న గొట్టం ఉంటుంది. పై మర, పక్క మర దాన్ని ఒకవైపునుంచి నొక్కితే, ఎదుటివైపునుంచి ఒక స్ప్రింగు ఒత్తిపట్టి ఉంచుతుంది. మర ఒక ‘క్లిక్’ తిరిగితే సాధారణంగా పావు నిమిషం కోణం (నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) మారుతుంది, అంటే 100 మీటర్లలో సుమారు 7 మిల్లీమీటర్లు. మొత్తం పరిధి 60 నిమిషాలనుకుందాం. నడిమినుంచి పైకి 30 నిమిషాలు, అంటే 100 మీటర్లలో 87 సెంటీమీటర్లు. మౌంటు వంకరగా బిగించి ఉంటే ఆ వంకర తీయడానికే 20 నిమిషాలు ఖర్చవుతాయి. దూరపు గురికి మిగిలేది 10. పైగా గొట్టం గుండ్రం కనుక, లోపలి గొట్టం పైఅంచుకు చేరితే పక్కలకు కదిలే చోటు దాదాపు ఉండదు. ఆ కొసన స్ప్రింగు బిగువు కూడా తగ్గిపోవచ్చు. అప్పుడు మర తిరుగుతుంది, క్లిక్ వినిపిస్తుంది, గుండు మాత్రం జరగదు. నాలుగు గుళ్లు పేల్చాక ఒక్కసారిగా జరుగుతుంది. ‘స్కోప్ పాడైంది’ అని పక్కన పెట్టేవాటిలో ఇలాంటివి తక్కువేమీ కాదు. దీనికి మందు మరను ఇంకా తిప్పడం కాదు. మౌంటును సరిచేయాలి, లేదా వెనకవైపు 20 నిమిషాలు ఎత్తుగా ఉన్న దిమ్మ వేయాలి. 25.4 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 30 మిల్లీమీటర్లది వాడినా సాధారణంగా పరిధి పెరుగుతుంది.

మిగతా కారణాలన్నిటికన్నా ముందు చూడాల్సింది మౌంటు మరలు. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు అవి వదులవుతాయి. భీమిలినుంచి ఇచ్ఛాపురం దాకా వీచే ఉప్పుగాలికి ఉక్కు మరలు తుప్పుపడతాయి, వానాకాలం తేమకు రైఫిల్ చెక్క భాగం ఉబ్బి బ్యారెల్‌ను పక్కకు ఒత్తుతుంది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ మొదట వెనక్కి, ఆపైన ముందుకీ తన్నుతుంది. పెద్ద తుపాకీల మీద నిలిచిన స్కోప్‌లు కూడా ఆ ఎదురుతన్నుకు పాడైన సందర్భాలున్నాయి.

తెలుగునాట ఇలాంటి కటకాల పరికరాల తయారీకి కేంద్రం మచిలీపట్నం. 1926లో అక్కడ మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తన చేతుల్లోకి తీసుకుంది. సైన్యానికి రాత్రిపూట చూపునిచ్చే పరికరాలను అక్కడ తయారుచేస్తున్నారు. ఆయుధం మీద బిగించే రాత్రి స్కోప్‌ను విప్పి మళ్లీ పెట్టాల్సి వస్తుంటుంది. పెట్టిన ప్రతిసారీ అదే జీరోకు రావాలి. కృష్ణా జిల్లా నిమ్మలూరులో ఇదే సంస్థ కట్టిన కొత్త కర్మాగారాన్ని 2025 అక్టోబరు 16న ప్రధాని జాతికి అంకితం చేశారు.